కృష్ణానగర్‌లో పళంపొరి – మూడో టేక్ ఓకే!

“సినిమా పత్రికలో ఈ వంటింటి గోలేమిటి?” అనుకుంటూ మీలో కొందరు అప్పుడే పేజీ తిప్పబోతూ ఉంటారు. ఒక్క నిమిషం ఆగండి! ఈ కథలో కెమెరా ఉంది. ఆగిపోయిన చిత్రం ఉంది. చేతికందని పారితోషికం ఉంది. తల్లి సెంటిమెంటు ఉంది. ఇంటర్వెల్ దగ్గర చిన్న అగ్నిప్రమాదం కూడా ఉంది. పాటలు మాత్రం లేవు. నాయిక కూడా లేదు. ఆ స్థానంలో ఒక అరటిపండు ఉంది.

ఆ పండు పేరు నేంద్రం. కేరళ నుంచి వచ్చే చిప్స్ పొట్లాల పుణ్యమా అని దాని పచ్చికాయ రుచి మనందరికీ తెలుసు. అదే కాయ బాగా మాగాక నిలువునా చీల్చి, జారుగా కలిపిన తీపి పిండిలో ముంచి, కాగే నూనెలో వేయిస్తే వచ్చేదే పళంపొరి. పళం అంటే పండు, పొరి అంటే వేపుడు. పేరులో ఏ మర్మమూ లేదు! కేరళలోనే కొన్ని వైపుల దీన్ని ఏత్తక్కా అప్పం అంటారు. మన మిరపకాయ బజ్జీకి వేలు విడిచిన మేనమామ అనుకోండి. కాకపోతే ఈ మేనమామ తియ్యగా మాట్లాడతాడు.

ఇంతకీ నాకూ ఈ పండుకీ పరిచయం ఎలా అయిందంటే...

నేను ఉండేది కృష్ణానగర్‌లో. తెల్లవారకముందే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మేన్‌లు, డ్రైవర్లు టీ కొట్ల దగ్గర గుంపులు కట్టే కృష్ణానగర్ గురించి మీకు వేరే చెప్పాలా? మా మేడ మీద గదిలో అద్దె పంచుకునే మిత్రుడొకడు మలయాళీ. త్రిస్సూర్ జిల్లాలో వడక్కాంచేరి దగ్గరి పల్లె. పని, కెమెరా విభాగంలో సహాయకుడు. కటకాల పెట్టెలు మొయ్యడం దగ్గర మొదలుపెట్టి, ఈమధ్యే ఫోకస్ పట్టే స్థాయికి వచ్చాడు. నటుడు నాలుగడుగులు ముందుకు వేస్తే, ఆ నాలుగడుగులూ ముఖం మసకబారకుండా చూసే పని అది. తెర మీద ఆ పని ఎవరికీ కనపడదు. తప్పు జరిగితే మాత్రం అందరికీ కనపడుతుంది! వయసులో నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న. నన్ను “చేట్టా” అంటాడు. అంటే అన్నయ్యా అని.

మలయాళ చిత్రాలంటే ఇప్పుడు మన కుర్రకారు ఎంత చెవి కోసుకుంటున్నారో నేను చెప్పక్కర్లేదు. 2024లో ‘ప్రేమలు’ వచ్చినప్పుడు చూశారుగా! ఉన్నత చదువు కోచింగ్ అని హైదరాబాదు వచ్చిపడ్డ కేరళ కుర్రాడి కథని మన ఊళ్ళోనే తీస్తే, తెలుగు డబ్బింగ్‌కి ఎంత సందడి! నస్లెన్, మమితా బైజు రాత్రికి రాత్రి మనవాళ్ళయిపోయారు. మా మిత్రుడు ఆ చిత్రాన్ని మూడుసార్లు చూశాడు. “నా కథే చేట్టా, హీరోయిన్ ఒక్కతే తక్కువ” అనేవాడు.

అసలు ఆ పరిశ్రమ వాళ్ళకి తిండి మీద ఉన్న మమకారం మన దర్శకులు కొంచెం అప్పు తెచ్చుకోవాలని నా అభిప్రాయం. 2011లో ఆషిక్ అబు తీసిన ‘సాల్ట్ ఎన్ పెప్పర్’లో ప్రేమకథ మొదలయ్యేదే దోశె కోసం చేసిన రాంగ్ నెంబర్‌తో! మరుసటి ఏడాది అన్వర్ రషీద్ ‘ఉస్తాద్ హోటల్’లో దుల్కర్ సల్మాన్ వంటవాడవుతానంటే తండ్రి కాదంటాడు, కోజికోడ్ సముద్రపుటొడ్డున హోటలు నడిపే తాతగా తిలకన్ ఆ కుర్రాణ్ణి చేరదీస్తాడు. మనకి 1957లోనే ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావుగారు లడ్లు గుటకాయస్వాహా చేసి చూపించారు, నిజమే. ఆ తర్వాత మన తెర మీద విందుభోజనం ఎక్కువగా పెళ్ళి సీనుకి అలంకారంగానే మిగిలిపోయిందేమోనని నాకో బాధ. సరే, అది వేరే వ్యాసం.

పోయిన వానాకాలం మా వాడి పరిస్థితి తలకిందులైంది. ఒక చిత్రానికి ముప్ఫై ఎనిమిది రోజులు పనిచేశాడు. ముప్ఫై తొమ్మిదో రోజున చిత్రం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో, ఎవరు ఆపారో నాకు తెలిసినా ఇక్కడ రాయను. అడ్వాన్సు తప్ప పైసా చేతికి రాలేదు. “సోమవారం రా” అన్నారు. సోమవారం వెళితే “శుక్రవారం” అన్నారు. ఆ తర్వాత ఫోన్లు తియ్యడం మానేశారు. గది అద్దెలో తన వాటా రెండు నెలలు నేనే సర్దాను. సర్దింది నేనే అయినా తల దించుకున్నది అతను. నాకు అదే నచ్చలేదు.

అంతలో ఓణం పండగ వచ్చింది. వాళ్ళకి అది మన సంక్రాంతి లాంటిది. ఎక్కడున్నా ఇంటికి చేరాలి. వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు. మా వాడు గొంతు సవరించుకుని, “షూటింగ్ ఉందమ్మా, సెలవు దొరకదు” అన్నాడు. ఫోన్ పెట్టేశాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. షూటింగ్ లేదు, ఏమీ లేదు. లేనిదల్లా టికెట్టుకీ, అమ్మకో చీరకీ డబ్బు.

రెండు రోజుల తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. దుబాయిలో పినతండ్రి కొడుకు ఏదో గోడౌన్‌లో ఉన్నాడట. రమ్మంటున్నాడట. పాస్‌పోర్టు ఉంది. “చాలు చేట్టా, సినిమా చాలు” అన్నాడు. మీటరు పట్టి చూడకుండానే ఎదురుగా ఉన్న మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో చెప్పగలిగే కళ్ళు అవి. వాటిని తీసుకెళ్ళి అట్టపెట్టెలు లెక్కపెట్టే పనికి పెడతానంటాడు!

నేనేం చెయ్యగలను? చిత్రం ఆడించలేను. నిర్మాతని నిలదీసేంతటివాణ్ణి కాను. నా సంపాదన కూడా వ్యాసానికింత అని లెక్కగట్టి వచ్చేదే. అప్పుడు బయట జల్లు మొదలైంది. మా వాడు కిటికీలోంచి చూస్తూ, “ఈ టైముకి మా ఊరి టీ కొట్లో గాజు అలమారా నిండా పళంపొరి ఉంటుంది” అన్నాడు, నాతో కాదు, వానతో అన్నట్టుగా.

సరే, అదైనా చేసి పెడదామనుకున్నాను.

ఆ గాజు అలమారా సంగతి ఒకసారి చెప్పాలి. కేరళలో ఏ రోడ్డు మీద బస్సు దిగినా ఎదురుగా టీ కొట్టు, అందులో ఒక చెక్కా గాజూ కలిపిన అలమారా ఉంటుంది. పై అరలో పరిప్పు వడ – అంటే మన మసాలా వడ లాంటిదే. పక్కన మినప వడ. కింద సుఖియన్ – బెల్లం కలిపిన పెసల ఉండకి పిండి తొడిగి వేయించింది, మన పూర్ణం బూరెకి అచ్చంగా తోబుట్టువు. వాటి మధ్య పసుపు రంగు అంగీ వేసుకుని పొడుగ్గా పడుకుని ఉంటుంది పళంపొరి. సాయంత్రం నాలుగు గంటలకి గ్లాసు చాయ, ఒక పళంపొరి. అది వాళ్ళ మ్యాట్నీ ఇంటర్వెల్!

దాని మీద వాళ్ళకెంత పట్టుదల అంటే, 2020 జనవరిలో రైల్వే స్టేషన్ల స్టాళ్ళలో అమ్మే తినుబండారాల జాబితా మారి, పళంపొరితో పాటు పుట్టు, అప్పం వంటి కేరళ వంటకాలు కొన్ని అందులో లేకుండా పోయాయి. ఊరుకుంటారా? ఎర్నాకుళం ఎంపి హిబి ఈడెన్ రైల్వే మంత్రికి లేఖ రాశారు. గొడవ పెద్దదయింది. చివరికి వాటిని మళ్ళీ చేర్చారు. ఒక పండు వేపుడు కోసం ఢిల్లీ దాకా వెళ్ళినవాళ్ళు! మన మిరపకాయ బజ్జీ కోసం మనం ఈ మాత్రం చేస్తామా అని నా అనుమానం.

చెన్నైకి ఆ రోజుల్లో మద్రాసు అన్న పేరే. మన తెలుగు చిత్రాలన్నీ అక్కడే తయారైన కాలంలో, మలయాళ చిత్రాలూ చాలావరకు అదే కోడంబాకం, వడపళని స్టూడియోల్లో తయారయ్యేవి. పక్కపక్క ఫ్లోర్లలో మనవాళ్ళూ వాళ్ళూ. గేటు బయట నాయర్ టీ కొట్టు అందరిదీ. వేషాల కోసం తిరిగినవారి జ్ఞాపకాల్లో ఆ టీ కొట్టు అరువు ఖాతా కనపడని సందర్భం అరుదు. కాబట్టి కృష్ణానగర్‌లో పళంపొరి చెయ్యడం మరీ అపచారమేమీ కాదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

ఇక మొదటి టేక్.

కిందకి దిగి బండి మీద చక్కెరకేళి అరడజను కొన్నాను. మా గోదావరి జిల్లాల వాళ్ళకి చక్కెరకేళి ఉండగా వేరే అరటిపండు కనపడుతుందా? రావులపాలెం మార్కెట్లో గెలలు గెలలుగా చూసి పెరిగిన కళ్ళు ఇవి. మైదాలో నీళ్ళు పోసి, పంచదార వేసి, పండు నిలువుగా చీల్చి ముంచి నూనెలో వదిలాను. వదలడమే తరువాయి, పిండి ఒక దిక్కు, పండు ఒక దిక్కు! పండు గుజ్జయి నూనెలో తేలింది. బాణలిలో పాయసం కాని పాయసం. మా వాడు వచ్చి చూసి, నవ్వాడు. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు. అందువల్ల ఆ టేక్ పూర్తిగా వృథా అని నేను అనను.

తప్పు నాది కాదు, పండుదీ కాదు. తారాగణం ఎంపికది! చక్కెరకేళి నోట్లో వేసుకుంటే కరిగిపోయే పండు. తినడానికి అదే గొప్పతనం. వేయించడానికి అదే లోపం. నేంద్రం వేరే జాతి. పిండిపదార్థం ఎక్కువ, నీరు తక్కువ, ఒళ్ళు గట్టి. మాగేకొద్దీ ఆ పిండిపదార్థం పంచదారగా మారుతుంది కానీ, పండు నిలబడే శక్తి పోదు. వేడి తగిలితే లోపల మెత్తబడుతుంది, తీపి ఇంకా పైకి వస్తుంది, ఆకారం మాత్రం చెదరదు. మా వాడి జిల్లాలోనే పండే చెంగళికోడన్ అనే నేంద్రం రకం ఉంది. ఓణం ముందు రోజున గురువాయూరు గుడిలో కృష్ణుడికి ఆ గెలలే కానుకగా పెడతారు. భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న పండు. దేవుడికి పెట్టే పండుని పట్టుకుని నేను చక్కెరకేళితో డూప్ వేయించాలనుకున్నాను!

రెండో టేక్. ఊళ్ళో కేరళ సరుకులు అమ్మే దుకాణం వెతికి పట్టుకుని నేంద్రం తెచ్చాను. పండగ రోజులు కావడంతో ధర చుక్కల్లో ఉంది. ఓణానికి చిప్స్‌కీ, బెల్లం పాకం పట్టే శర్కర వరట్టికీ, అన్నిటికీ ఇదే కాయ కావాలి కదా! రెండు పళ్ళు కొనేసరికి నా జేబుకి చిల్లు పడింది. పళ్ళు చూస్తే పసుపుగా నిగనిగలాడుతున్నాయి. అవి చాలనుకున్నాను. చాలవని తర్వాత తెలిసింది. తొక్క మీద నల్ల మచ్చలు బాగా పడాలి. ఎక్స్‌ట్రా మేకప్ లేని వయసు మళ్ళిన పాత్రలాగా ఉండాలన్నమాట. నిగనిగలాడే దశలో వేయిస్తే బంగాళాదుంప ముక్కలా చప్పగా ఉంటుంది.

బాణలిలో నూనె పోసి, మంట పెద్దది చేసి, ఫోన్ మోగితే బయటికి వెళ్ళాను. అదే నేను చేసిన మహాపరాధం. ఓ ఎడిటరుగారు వ్యాసం ఎప్పుడిస్తావంటున్నారు. నేను కథ అల్లుతున్నాను. గదిలోంచి ఘాటైన పొగ. లోపలికి పరుగెత్తేసరికి బాణలి అంచున ఇంత నీలిమంట, దాని మీద ఎర్రమంట. నేను చెంబుతో నీళ్ళు ఎత్తాను...

“వద్దు చేట్టా!” అని మా వాడు నా చెయ్యి పట్టి లాగాడు. ఆ లాగుడులో బాణలి కాడ నా ముంజేతికి తగిలింది. అతను మాత్రం తొణక్కుండా గ్యాసు కట్టేసి, పెద్ద స్టీలు పళ్ళెం తీసి పక్కనుంచి జరుపుతూ బాణలి మీద బోర్లించాడు. మంట ఆరిపోయింది. పావుగంట దాకా ఆ మూత తీయనివ్వలేదు. కెమెరా వాళ్ళకి సెట్లో లైట్లూ, వైర్లూ, అగ్గీ చూసి చూసి అలవాటు.

యువ పాఠకులారా, నా మాట వినండి. ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా ఫరవాలేదు, ఇది మర్చిపోకండి. అంటుకున్న నూనె మీద నీళ్ళు పోస్తే నీరు అడుగుకి దిగి, క్షణంలో ఆవిరై, మండుతున్న నూనెని గది కప్పు దాకా ఎగజిమ్ముతుంది. స్టౌ కట్టెయ్యాలి, మూత పెట్టాలి, బాణలిని కదపకూడదు. మూత పెట్టలేని మంటయితే బయటికి పరుగెత్తి అగ్నిమాపకదళానికి ఫోన్ చెయ్యాలి. ఒంటి మీద కాలితే కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు పట్టాలి. ఇంకు, టూత్‌పేస్టు, వెన్న పూయకూడదు. నేను ఇరవై నిమిషాలు కుళాయి కింద చెయ్యి పట్టి నిలబడ్డాను. మా వాడు గడియారం చూస్తూ పక్కనే నిలబడ్డాడు. ముంజేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది, చిన్న అరటికాయ ఆకారంలో!

మిగిలిన ఒక్క పండునీ ఒక సంచిలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాడు మా వాడు. మాగడానికట. మూడు రోజులు రోజూ తీసి నొక్కి చూశాడు. దుబాయి మాట మాత్రం ఆ మూడు రోజులూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తిరువోణం రోజు వచ్చింది. పొద్దున్నే నేను మరో రెండు పళ్ళు, ఈసారి నల్లమచ్చలవి, తెచ్చాను. “మీ అమ్మగారికి ఫోన్ చేసి కొలతలు అడుగు” అన్నాను. మా వాడు ఒప్పుకోలేదు. షూటింగ్‌లో ఉన్నానని చెప్పాడు కదా! సరే, నేనే మాట్లాడతాను, నువ్వు పక్కనుండి తర్జుమా చెయ్యి అన్నాను. నంబరు నొక్కాను. ఆవిడ ఎత్తారు. ఎత్తింది మామూలు ఫోన్ కాదు, వీడియో కాల్! నా కంగారులో ఏ గుర్తు నొక్కానో నాకే తెలియదు. తెర మీద పూలముగ్గు ముందు కూర్చుని, బంగారంచు తెల్లచీరలో వాళ్ళమ్మగారు. ఇటు నా వెనక, లుంగీ కట్టుకుని, చేతిలో మైదా పిండి గిన్నెతో, షూటింగ్‌లో ఉన్న కొడుకు!

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. మన చిత్రాల్లో అయితే ఇక్కడ ఉరుమొకటి వినపడాలి.

ఆవిడ కొడుకుని చూశారు. పిండి గిన్నెని చూశారు. మలయాళంలో ఏదో అన్నారు. మా వాడు తల ఎత్తకుండా తర్జుమా చేశాడు: “పిండి మరీ పలచగా ఉందంటోంది.”

అంతే! అబద్ధం గురించి ఒక్క ముక్క లేదు. అక్కణ్ణుంచి నలభై నిమిషాలు ఆవిడ దర్శకత్వం. నన్ను “మోనే” అన్నారు. అంటే నాయనా అని. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

రెండు పెద్ద నేంద్రం పళ్ళకి ఒక కప్పు మైదా, రెండు చెంచాల బియ్యప్పిండి, రెండు మూడు చెంచాల పంచదార, పావుచెంచా పసుపు, చిటికెడు ఉప్పు, రెండు ఏలకులు దంచిన పొడి. చెంచా అంటే అన్నం తినే పెద్ద చెంచా. పసుపుకి మాత్రం టీ చెంచా. కొందరు జీలకర్రో నల్లనువ్వులో వేస్తారట, ఆవిడ వెయ్యరు. సోడా పేరెత్తితే మొహం చిట్లించారు. “హోటలు వాళ్ళకి” అన్నారు. నీళ్ళు ముప్పావు కప్పు దాకా, ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా. వేలు ముంచి తీస్తే వేలి రంగు కనపడకూడదు, అలాగని ముద్దలా వేలాడకూడదు. దోశె పిండి కంటే ఒక పిసరు చిక్కన. ఉండలు పోతే చాలు, ఇక గరిటె పక్కన పెట్టెయ్యాలి. నేను ఉత్సాహం కొద్దీ గిలకొడుతుంటే, “ఆపమను, రబ్బరవుతుంది” అని కబురు వచ్చింది. నిజమే. మైదాలో నీళ్ళు పోసి ఎంత కలిపితే అంత జిగురు సాగుతుంది. పరోటాకి ఆ జిగురు కావాలి, ఇక్కడ వద్దు. బియ్యప్పిండి వేసేది ఆ జిగురుకి అడ్డుకట్ట వేసి కరకరలాడించడానికే. కలిపిన పిండిని పది నిమిషాలు వదిలేయాలి.

ఈ పది నిమిషాల్లో పళ్ళు. తొక్క తీసి అడ్డంగా రెండు ముక్కలు, ఒక్కో ముక్క నిలువునా మూడు పలకలు. పలక మన చిటికెన వేలిలో సగం మందం ఉంటే చాలు. మరీ సన్నమైతే పిండే తిన్నట్టుంటుంది, మందమైతే లోపల వేడెక్కదు.

నూనె. వాళ్ళింట్లో కొబ్బరినూనె. నా దగ్గర వేరుశనగ నూనె ఉంది. ఫరవాలేదన్నారు. బాణలిలో రెండంగుళాల లోతు. “పిండి చుక్క వేసి చూడు” అన్నారు. చుక్క అడుగున కూర్చుంటే నూనె ఇంకా చల్లగా ఉందని. వేసీ వెయ్యగానే మాడిపోతే మరీ కాగిందని. అడుగు తాకి, బుడగలతో వెంటనే పైకి తేలాలి. నా దగ్గర ఉష్ణమాపకం లేదు కానీ, ఉన్నవాళ్ళకి చెబుతున్నాను, 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆ స్థితి వస్తుంది. దీని వెనక సంగతి తెలిస్తే మీకు కూడా నూనెతో దోస్తీ కుదురుతుంది. ముక్క నూనెలో పడగానే పిండిలోని నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. ఆ బుడగలు అవే! ఆవిరి లోపల్నుంచి తోస్తున్నంతసేపూ నూనె లోపలికి చొరబడలేదు. ఆలోగా పైపొర గట్టిపడుతుంది. నూనె చల్లగా ఉంటే ఆవిరికి అంత తోపు ఉండదు, పొర గట్టిపడదు, ముక్క స్పాంజిలాగా నూనె తాగుతుంది. అందుకే ఒకేసారి ఆరు ముక్కలు కుక్కకూడదు. నూనె వేడి పడిపోతుంది. మూడేసి చాలు. మరీ కాగితే ఇంకో తంటా. పిండిలో పంచదార ఉంది కదా, లోపల పండు వేడెక్కకముందే పైన నల్లబడుతుంది.

ముక్కని పిండిలో ముంచి, గిన్నె అంచుకి ఒకసారి రాసి, నూనె దగ్గరగా చెయ్యి తెచ్చి, మనకి అవతలి వైపుగా జార్చాలి. నేను దూరంనుంచి విసరబోతే, తెర మీద ఆవిడ రెండు చేతులూ ఎత్తి అరిచారు. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. ఒక వైపు ఎర్రబడగానే తిప్పి, మొత్తం మూడు నాలుగు నిమిషాలు. తీసి కాగితం మీద గుట్టగా పోస్తే అడుగున ఆవిరి పట్టి మెత్తబడతాయి. మా దగ్గర జాలీ లేదు. టీ కొట్టు నుంచి అరువు తెచ్చిన పెద్ద జల్లెడ బోర్లించి దాని మీద పరిచాం.

మూడో టేక్ ఓకే అయింది! పైన కరకర, లోపల పండు జున్నులాగా. పసుపూ ఏలకులూ కలిసిన వాసన మేడ మెట్ల దాకా వెళ్ళింది. పక్కగది డబ్బింగ్ ఆర్టిస్టు ‘ఏమిటీ వాసన’ అంటూ తన సొంత గొంతుతోనే వచ్చాడు. మేడమీదున్న ఐదుగురం, పళంపొరి పన్నెండు. చాయ్ కిందనుంచి వచ్చింది. మా వాడు మొదటిది చేతిలోకి తీసుకుని, తినకుండా, ఫోన్ తెర ముందు పట్టి చీల్చి చూపించాడు. ఆవిడ కళ్ళు చికిలించి చూసి, “మ్” అన్నారు.

అప్పుడు, అప్పుడు మాత్రమే, ఆవిడ అసలు మాట అడిగారు. డబ్బులు రాలేదా అని. మా వాడు అవునన్నాడు. ముప్ఫై ఎనిమిది రోజుల సంగతీ, దుబాయి సంగతీ అన్నీ చెప్పేశాడు. నేను మిగిలిన వాళ్ళని తీసుకుని వరండాలోకి వచ్చేశాను. తర్జుమా కోసం అడగలేదు.

మీరు ఇంట్లో చేసేటప్పుడు నేంద్రం దొరక్కపోతే ఏం చెయ్యాలని అడుగుతారు. మార్కెట్లో ఎక్కడపడితే అక్కడ దొరికే పొడుగుపాటి పచ్చ అరటి రకం తీసుకోండి. కొసలు ఇంకా ఆకుపచ్చగా ఉండగానే వాడాలి, పలకలు మందంగా కొయ్యాలి, వేపుడు తొందరగా ముగించాలి. నేంద్రం ముందు అది డూపే, కానీ దూరంనుంచి తీస్తే గుర్తుపట్టలేరు. గట్టి ఆపిలుని పావంగుళం చక్రాలుగా కోసి గింజలు తీసేసి ఇదే పిండిలో ముంచితే చాలా బాగుంటుంది. జర్మనీలో, ఫ్రాన్సులో ఇళ్ళల్లో చేసుకునేది అదే. పనసతొనలు భేష్. అనాస చక్రాలైతే పొడిగుడ్డతో తడి అద్ది, ముందు పొడి మైదా చల్లి, ఆ తర్వాత పిండిలో ముంచండి. లేకపోతే నీరు కారి నూనె చిటపటలాడుతుంది. మామిడిపండు జోలికి పోకండి. నేను పోయాను.

మలేషియా, సింగపూరు, ఇండోనేషియాల్లో దీని అన్నదమ్ముడు వీధి వీధినా దొరుకుతుంది. పిసాంగ్ గోరెంగ్ అంటారు. బ్రిటిషువారి కాలంలో తోటల పనికి మలయా వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలవారి పిల్లలకి అది చిన్ననాటి చిరుతిండి. కౌలాలంపూర్ చూసొచ్చిన మన హీరోల అభిమానులెవరైనా ఈసారి షూటింగ్ స్పాట్లతో పాటు అది కూడా రుచి చూసి రండి.

నూనె గురించి మరొక్క మాట. ఒకసారి కాగిన నూనెని వడగట్టి ఇంకొకసారి కూరల్లో వాడుకోవచ్చు. నల్లబడి, నురగ కట్టి, వాసన మారేదాకా కాచి కాచి వాడకండి. బజ్జీ బండ్ల వాళ్ళకీ హోటళ్ళకీ కూడా ఇందుకు కొలత ఉంది. వేయించగా వేయించగా నూనెలో పేరుకునే చెడు పదార్థాలు 25 శాతం దాటకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. బండి దగ్గర మనం కొలవలేం కాబట్టి, ఇంట్లో చేసుకోవడానికి అదొక సాకు!

మిగిలిన పిండి పారెయ్యకండి. బ్రెడ్డు ముక్కలు నాలుగు ముంచి వేయించండి. అది ఆవిడ చెప్పింది కాదు, పక్కగది డబ్బింగ్ ఆర్టిస్టు కనిపెట్టింది.

మా వాడి సంగతి చెప్పలేదు కదూ! వాళ్ళమ్మగారే టికెట్టు డబ్బు పంపారు. చీర కొనలేకపోయాడు. సికిందరాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చాను. దుబాయికి వెళ్ళలేదు, ఇంకా. కొచ్చిలో ఒక చిన్న చిత్రానికి ఫోకస్ పడుతున్నాడట. పోయినవారం టీ కొట్టు గాజు అలమారా ముందు నిలబడి వీడియో కాల్ చేశాడు. ఇక్కడి గదిలో అతని మంచం అలాగే ఉంది. వేరే మనిషిని చేర్చుకోలేదు. అద్దె కొంచెం బరువుగానే ఉంది. ముప్ఫై ఎనిమిది రోజుల బాకీ మాత్రం రాలేదు. ప్రతి శుక్రవారం ఆ ఆఫీసుకి నేను ఫోన్ చేస్తున్నాను. ఒక్కోసారి ఎత్తుతున్నారు కూడా.